ప్లాస్టరు చుట్టిన ఇయర్‌ఫోన్లు

పొట్టికి చెవులు సరిగ్గా పనిచేయడం లేదని ఆఫీసంతా అనుకుంటుంటే, తప్పు చెవులది కాదు, వాటిలో పెట్టుకున్న దరిద్రపు ఇయర్‌ఫోన్లదని కనిపెట్టిన మేధావిని నేను. ఆ వేసవిలో సగం రోజులు ఆ గొప్పతనంతోనే తిరిగాను.

పొట్టి నా స్నేహితురాలు. ఎత్తు తక్కువని నేను పెట్టిన పేరది. నన్ను తను పొడుగు అంటుంది. కింది వాటాలో తను, వాళ్ళ అత్తగారు, పాప ఉంటారు. పై గదిలో నేనొక్కదాన్ని అద్దెకుంటాను. పేరుకే పై గది, తిండీ తిప్పలూ అన్నీ కిందే. పాప నన్ను పిన్నీ అంటుంది. పొట్టి మొగుడు లారీ నడిపేవాడు. నేనా ఇంట్లో చేరేనాటికే పోయాడు. రోడ్డు మీద పోయాడని మాత్రం తెలుసు. అంతకు మించి తను చెప్పలేదు, నేను గుచ్చి గుచ్చి అడగలేదు. ఆ ఇంట్లో ముగ్గురి నోళ్ళూ తన జీతం మీదే ఆడాలి.

మాది వినే ఉద్యోగం. మనిషి పోయిన ఇంటికో, కాలిపోయిన కొట్టు యజమానికో బీమా కంపెనీవాళ్ళు ఫోన్ చేసి ప్రశ్నలడుగుతారు. ఆ మాటలు రికార్డయి మా దగ్గరికొస్తాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కాలి కింద పెడల్, చేతుల కింద కీబోర్డు. పెడల్ మీద వేళ్ళు నొక్కితే మాట నడుస్తుంది, మడమ నొక్కితే వెనక్కి పోతుంది. విన్నది విన్నట్టు కొట్టాలి. దగ్గితే దగ్గు అని, ఏడిస్తే ఏడుపు అని రాయాలి. మాట అందకపోతే ఆ చోట ‘వినబడలేదు’ అని కొట్టి ముందుకు పోవాలి. పైన కూర్చున్నవాళ్ళు రికార్డులు వినరు. వాళ్ళకంత తీరికెక్కడిది? మేం కొట్టింది చదివి, డబ్బివ్వాలో వద్దో తేలుస్తారు.

పొట్టి కొట్టిన పేజీల్లో ‘వినబడలేదు’లు మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ. అందుకని వెనక వరసలో ఓ కోతి పిల్ల తనకి ‘వినబడలేదమ్మ’ అని పేరు పెట్టింది. అందరూ అదే పట్టుకున్నారు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే బట్టల బజారు తగలబడింది. కొట్లు పోయాయి, మనుషులు పోయారు. మా దగ్గరికి ఫైళ్ళు వరదలా వచ్చి పడ్డాయి. ఒకరోజు పొద్దున్నే ఇన్‌ఛార్జి మా మధ్యకొచ్చి నిలబడ్డాడు. ఆయన అరిచే మనిషి కాదు. మెల్లగా మాట్లాడినప్పుడే గుండెలు జారిపోతాయి.

“కంపెనీవాళ్ళు ఊరుకోవడం లేదమ్మా. బజారు ఫైళ్ళలో వినబడలేదులు ఎక్కువైపోయాయట. వానలు మొదలయ్యేసరికి సగం మందిని తీసేయమంటున్నారు. ఎవర్ని తీయాలో నేను వెతుక్కోనక్కర్లేదు. మీరు కొట్టిన పేజీలే చెబుతాయి.”

“వినబడలేదమ్మగారికి ఈ మాటైనా వినబడిందో లేదో!” అంది కోతి పిల్ల వెనకనుంచి. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు.

“నీ పని నువ్వు చూసుకోవే, పెద్ద చెప్పొచ్చావు!” అని లేచాను. పొట్టి నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తన మొహంలో కోపం లేదు, భయం ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తన ఇయర్‌ఫోన్లు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఆఫీసువాళ్ళు ఎప్పుడో ఇచ్చినవి. ఎడమదాని దగ్గర వైరు తెగితే, గాయాలకి వేసే ప్లాస్టరు చుట్టుకుంది. తన చెవులు చిన్నవి, రబ్బరు మూతులు నిలవవు. జారిపోతుంటే ఒక వేలితో నొక్కిపట్టుకుని రెండో చేత్తో కొడుతుంది.

“మార్చవే తల్లీ వీటిని, నీకు దణ్ణం పెడతాను,” అన్నాను.

“బాగానే ఉన్నాయి లేవే.”

“ఏం బాగు? నీ ఉద్యోగం ఊడేదాకా బాగానే ఉంటాయి.”

తను నవ్వి మళ్ళీ కొట్టుకోవడంలో పడింది. ఇక ఈ మనిషితో చెప్పి లాభం లేదు, నేనే కొని చేతిలో పెడితే ఛస్తే కాదనదు అనుకున్నాను. పాపకి చాక్లెట్ లంచమిచ్చి, వాళ్ళమ్మ సంచిలోంచి ఇయర్‌ఫోన్ రబ్బరు మూతి ఒకటి కొలతకి తెప్పించుకున్నాను.

సెలవు రోజు చూసుకుని కొట్టుకి వెళ్ళాను. గాజు పెట్టెల్లో రంగురంగులవి వేలాడుతున్నాయి.

“పాటలకా, ఫోన్ మాటలకా?” అన్నాడు కొట్టతను.

“మాటలకి. ఎక్కువగా ఏడుపులకి.”

అతను నవ్వాలో వద్దో తేల్చుకోలేక ఒక డబ్బా తీశాడు. “ఇప్పుడంతా వైరు లేనివే మేడమ్.”

“మా పెడల్ పెట్టెకి వైరు దూర్చాల్సిందే. వైరున్నవి చూపించండి.”

“అయితే ఇవి చూడండి. దరువు గుండెల్లో మోగుతుంది!”

“దరువొద్దు నాయనా, నాకు గొణుగుడు కావాలి.”

మా రికార్డుల్లో మాట ఎప్పుడూ ఒంటరిగా రాదు. వెనక ఫ్యాను తిరుగుతుంటుంది, పక్కింటి పిల్లలు అరుస్తుంటారు, మధ్యలో మనిషి కొంగులో మొహం దాచుకుని మాట్లాడుతుంది. దరువు వేసేవాటిలో ఫ్యానే రైలింజనై కూర్చుంటుంది. ఇదంతా చెబితే అతనికి ఎక్కలేదు. అందుకని ఒక పని చేశాను. “మీరలా రోడ్డు మీదికెళ్ళి, అటు తిరిగి నిలబడి, నోట్లో నోట్లో ఏదో ఒకటి అనండి. నేను వెనకనుంచి నా ఫోన్లో రికార్డు చేస్తాను,” అన్నాను. బేరం పోతుందని పాపం వెళ్ళాడు. బస్సులు హోరెత్తిస్తుంటే గొణిగాడు.

తిరిగొచ్చి ఒక్కొక్కటే తగిలించి విన్నాను. మొదటిదాంట్లో హారన్లు తప్ప ఏమీ లేదు. ఇంకోదాంట్లో మనిషి ఉన్నాడు గాని మాట ముద్దగా ఉంది. తర్వాతది చిన్నది, బూడిద రంగుది, చూపుకి ఆనదు. అది పెట్టుకోగానే బస్సులన్నీ పక్కకి తప్పుకున్నట్టయి, కొట్టతని గొంతు నా చెవిలో అంది: “పొద్దున్నే ఏ పిచ్చిది తగిలిందిరా నాయనా.”

“ఇదివ్వండి. పిచ్చిది కొంటోంది,” అన్నాను.

అతని మొహం చూడాలి! సిగ్గుపడి, స్పాంజి మూతులు ఊరికే ఇచ్చాడు. నలిపి చెవిలో పెడితే ఉబ్బి చెవికి తగ్గట్టు సర్దుకుంటాయవి. పాప తెచ్చిన రబ్బరు మూతి పక్కన పెట్టి కొలిచి, అన్నిటికన్నా చిన్నవి ఏరుకున్నాను. ఇంటికొస్తూ దారంతా నవ్వుకున్నాను.

ఇంటి దగ్గరే ఇస్తే సరిపోయేది. కానీ నాకు కోతి పిల్ల మొహం చూడాలనుంది. టీ వేళ అందరూ కప్పులతో నిలబడి ఉండగా పొట్టి బల్ల మీద డబ్బా పెట్టి, “ఇదిగో, ఇక నిన్నెవరేమంటారో నేనూ చూస్తాను,” అన్నాను.

పొట్టి డబ్బా తెరిచింది. ముందు నా వైపు చూసింది, తర్వాత ఇన్‌ఛార్జి వైపు చూసింది. మొహంలో రక్తం లేదు.

“ఎందుకే ఇప్పుడివి?” అంది చాలా మెల్లగా.

మొహమాటం అనుకున్నాను. ఇన్‌ఛార్జి వచ్చి డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. “మంచివే కొన్నావమ్మా. ఇక ఈవిడకి సాకు లేదు,” అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. ఒకరిని తీసేసే పాపం తప్పిందని నిజంగానే సంతోషించాడు. తర్వాత పొట్టి వైపు తిరిగాడు. “కంపెనీ నుంచి నీ ఫైలొకటి తిరిగొచ్చిందమ్మా. బజారుదే. మధ్యలో వినబడలేదు అని కొట్టావు. రేపు పొద్దున ఇద్దరం కలిసి విని పూర్తి చేద్దాం.”

సాయంత్రం ఇంటికి నడుస్తూ పొట్టి నాకన్నా నాలుగడుగులు ముందే పోయింది. ఇంటి మెట్ల దగ్గర ఆగింది.

“పొడుగూ, నాకు చెవులు బాగానే వినబడతాయే.”

“తెలుసు కదే! అందుకేగా కొన్నాను, తప్పు ఆ దిక్కుమాలిన...”

“వాటిలో కూడా బాగానే వినబడుతుంది.”

నాకు అర్థం కాలేదు. తను మెట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

“వినబడిందంతా కొట్టకూడదే,” అంది. “రేపు వినబోయే ఫైలు ఒక తల్లిది. బజారులో కొడుకు పోయాడు. అడిగేవాడు ఎంత నెమ్మదిగా అడుగుతాడనుకున్నావ్. తొందరేం లేదమ్మా, మీ అబ్బాయి ఎలాంటివాడో చెప్పండి అంటాడు. పోయినవాడి గురించి అడిగితే ఎవరైనా ఏం చెబుతారే? మంచే చెబుతారు. ఆవిడా అదే చెప్పింది. నా కొడుకు కొట్లోనే స్టవ్ పెట్టుకుని, వరసలో అందరికీ టీ కాచి ఇచ్చేవాడు బాబూ అంది. బట్టల కొట్లో స్టవ్ ఉందని కాగితం మీదికొస్తే ఇంకేముంది? ఆ ముక్క దగ్గర వినబడలేదు అని కొట్టాను. అదొక్కటే ఉంటే పట్టుబడతానని, ఎందుకూ పనికిరాని మాటల దగ్గర కూడా అక్కడక్కడా కొట్టాను. ఎప్పుడూ అంతే చేస్తాను.”

నేను తన వైపు తిరిగి, అడ్డు రాకుండా విన్నాను. అది నా జీవితంలో అరుదు.

“మా ఆయన పోయినప్పుడు నాకూ ఫోనొచ్చింది,” అంది పొట్టి. “ఎలాంటి మనిషండీ అన్నాడు. అప్పటికి ఆయన గురించి నన్నెవరూ అడగలేదే, పొంగిపోయాను. మా కోసం రెండేసి రోజులు కంటి మీద కునుకు లేకుండా నడిపేవాడండీ అన్నాను. గొప్పగా చెప్పాననుకున్నాను. నిద్రలేకుండా బండి నడిపాడు, తప్పు ఆయనదేనని తేల్చేశారు. ఎవరో కొట్టారు కదే దాన్ని. ఎంత చక్కగా కొట్టారో. ఒక్క అక్షరం పోలేదు.”

“నాకు చెప్పొచ్చు కదే, నేను పరాయిదాన్నా!”

“నీకు చెబితే ఊరంతా దండోరా వేసినట్టే కదే.”

అదీ నిజమే. నా నోరు అలాంటిది. అయినా కళ్ళనీళ్ళు ఆగలేదు. “పారేద్దాం వీటిని. పాప తొక్కేసిందని చెబుదాం,” అన్నాను.

“ఆయన ఇంకోటి పట్టుకొస్తాడు. అందరి ముందూ సాకు పోయింది కదే. ఇక దాక్కోడానికి చోటు లేదు.”

తలుపు తీసుకుని వాళ్ళ అత్తగారు వచ్చింది. మాలో మేం ఏం మాట్లాడుకున్నా ఆవిడకి కావాల్సింది ఒక్కటే. “గుసగుసలు తర్వాత. ఆ ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా? పాప బడి తెరిచే వేళవుతోంది. ముందది చెప్పండి.”

పొట్టి చీర దులుపుకుని లేచింది. “ఉంటుంది అత్తయ్యా,” అంది.

మర్నాడు ఇన్‌ఛార్జి తన కుర్చీ లాక్కుని పొట్టి పక్కన కూర్చున్నాడు. కొత్త ఇయర్‌ఫోన్లలో ఒకటి ఆయన చెవిలో, ఒకటి తన చెవిలో. పక్క బల్ల దగ్గర నేను. నాకు మాటలు వినబడవు గాని తెర కనబడుతోంది. పొట్టి పెడల్ తొక్కింది. అక్షరాలు వరసగా వస్తున్నాయి. ఒక చోట చేతులు ఆగాయి. మడమ నొక్కి వెనక్కి తీసుకెళ్ళింది. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. మళ్ళీ వెనక్కి.

“స్పష్టంగానే ఉంది కదమ్మా, నాకే వినబడుతోంది,” అన్నాడాయన.

“అవునండీ,” అంది పొట్టి.

కొట్టింది. ‘మా అబ్బాయి కొట్లోనే స్టవ్ పెట్టుకుని వరసలో అందరికీ టీ కాచి ఇచ్చేవాడు బాబూ. ఎవరి దగ్గరా డబ్బులు తీసుకునేవాడు కాదు.’ నేను తెర మీంచి చూపు తిప్పుకున్నాను. ఇన్‌ఛార్జి తన చెవిలోది తీసి రుమాలుతో తుడిచి జాగ్రత్తగా తనకిచ్చాడు. “చూశావా, పనిముట్టు మంచిదైతే పనీ మంచిదవుతుంది,” అన్నాడు నాతో. దాన్ని మెచ్చుకోలు అనుకోవాలి కాబోలు.

ఆ రోజు నుంచి పొట్టి పేజీల్లో వినబడలేదు అన్న మాటే లేదు. దగ్గు, నిట్టూర్పు, పక్కగదిలో గిన్నె పడిన చప్పుడుతో సహా అన్నీ వచ్చేవి. కోతి పిల్ల పాత పేరు తీసేసి ‘పాము చెవులు’ అని కొత్త పేరు పెట్టింది. మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను ఎప్పటిలాగే వాగుతుండేదాన్ని, తను ఊ కొట్టేది. అంతా సర్దుకుంటుందిలే అని నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం, పొట్టి కొడుతూ కొడుతూ నిటారుగా అయిపోయింది. వంగి తన తెర చూశాను. ఆ తల్లే. డబ్బు రాదని కబురు అందాక కంపెనీకి తనే ఫోన్ చేసింది. ఆ రికార్డు తిరిగి తిరిగి మా ఆఫీసుకే, మా వరసకే, పొట్టి చెవుల్లోకే వచ్చింది.

‘నేనేం చెప్పానని బాబూ? నా కొడుకు మంచివాడని చెప్పాను. అంతేగా చెప్పాను. నేనేం చెప్పాను?’

తర్వాత పొట్టి ‘ఏడుపు’ అని కొట్టింది. ఆ తర్వాత మళ్ళీ ‘నేనేం చెప్పాను?’ అని కొట్టింది. ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో అన్నిసార్లూ కొట్టింది. పూర్తిచేసి, ఫైలు పంపించి, కొత్తది తెరిచింది.

ఆ సాయంత్రం ఆఫీసు వదిలాక పొట్టి ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి తీయలేదు. వైరు కొస ఫోన్‌కి లేదు, దేనికీ లేదు. సంచి పక్కన ఊరికే వేలాడుతోంది. నేను మాట్లాడాను, బతిమాలాను, మధ్యదారిలో ఆగి తిట్టాను కూడా. తను నేల చూస్తూ నడిచింది. ఇంట్లోనూ అంతే. వంట చేస్తున్నా అవే, బట్టలు ఆరేస్తున్నా అవే. అత్తగారు పిలిచి పిలిచి విసిగిపోయి, చెయ్యి పట్టి లాగడం అలవాటు చేసుకుంది.

“పిన్నీ, అమ్మ ఏం పాటలు వింటోంది?” అని అడిగింది పాప.

“మంచి పాటలే తల్లీ,” అన్నాను. చెవికి తగ్గట్టు సర్దుకునే మూతులు నేనే ఏరి తెచ్చాను. బయటి మాట ఒక్కటి కూడా లోపలికి పోనివ్వవవి.

మొదటి వాన పడేసరికి ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. పాము చెవులు అని పేరు పెట్టిన కోతి పిల్ల ఏడుస్తూ సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. దాన్ని చూసి సంతోషిద్దామనుకున్నాను, చేతకాలేదు. పొట్టి ఉద్యోగం నిలబడింది. పాప కొత్త సంచితో బడికెళ్ళింది. నేనూ మిగిలాను.

వానల్లోనే నా దగ్గరికి ఒక ఫైలొచ్చింది. గోదాము కాపలావాడి భార్య. కాపలా షెడ్డు మీద కూలి చచ్చిపోయాడు మొగుడు. ఎలాంటి మనిషండీ అన్నాడు అడిగేవాడు, అదే నెమ్మదైన గొంతుతో. “జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా డ్యూటీ మానలేదండీ. నేను వద్దన్నా వెళ్ళాడు. అంత నమ్మకస్తుడండీ,” అందామె. ఆమె గొంతులో గర్వం ఉంది. జ్వరంతో వెళ్ళాడని కాగితం మీదికొస్తే, తప్పించుకోలేకపోయింది అందుకేనని తేల్చేస్తారు. నా చేతులు వాటంతటవే కొట్టాయి: వినబడలేదు. ఆ తర్వాత ఇంకొన్ని ఫైళ్ళలోనూ కొట్టాను. నాది ఒక్క కడుపే కదా, ఎలాగో గడుస్తుందిలే అనుకున్నాను.

ఇన్‌ఛార్జి వచ్చాడు. “నీకేమైందమ్మా? నీవి మంచి చెవులు కదా.”

“ఇయర్‌ఫోన్లు పాడయ్యాయండీ.”

“సరే. కాపలావాడి ఫైలు రేపు పొద్దున ఇద్దరం కలిసి విందాం.”

నావి నిక్షేపంగా ఉన్నాయి. ఆయన చెవిలో పెట్టుకున్న మరుక్షణం నా పని అయిపోతుందని తెలుసు.

మర్నాడు పొద్దున బల్ల సొరుగు లాగాను. నావి లేవు. వాటి చోట పొట్టి పాతవి ఉన్నాయి. ఎడమదానికి ప్లాస్టరు కొత్తగా చుట్టి ఉంది. పక్కకి చూశాను. పొట్టి చెవుల్లో బూడిద రంగువి పెట్టుకుని, తల ఎత్తకుండా పని చేసుకుంటోంది.

పెట్టుకుని పెడల్ తొక్కాను. కుడివైపుది అద్దంలా ఉంది. కాపలావాడి భార్య ఊపిరి పీల్చడం కూడా వినబడుతోంది. ప్లాస్టరు వేసినదాంట్లో బుర్రుమనే రొద తప్ప ఏమీ లేదు. అన్నాళ్ళూ పొట్టి ఒకదాంతో వింటూ, రెండోదాన్ని సాకు పెట్టి ఎలా నెట్టుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

ఇన్‌ఛార్జి కుర్చీ లాక్కున్నాడు. ప్లాస్టరుది ఆయన చేతిలో పెట్టాను. ఆయన చెవిలో పెట్టుకుని మొహం చిట్లించాడు, వేలితో నొక్కి చూశాడు. నా కుడి చెవిలో ఆమె మొగుణ్ణి పొగుడుతూనే ఉంది.

“ఏం వినబడటం లేదే!”

“నేనూ అదే చెబుతున్నానండీ.”

ఆయన చెవిలోది తీసి బల్ల మీద పడేసి, పొట్టి వైపు తిరిగాడు. “అమ్మా, నీవి ఒక్కసారి ఇలా ఇవ్వు.”

పొట్టి కొడుతూనే ఉంది.

“అమ్మా, నిన్నే!” ఈసారి కాస్త గట్టిగా పిలిచాడు. తన చేతులు ఆగలేదు. కానీ మెడ దగ్గర నరం ఒకటి గబగబా కొట్టుకోవడం నాకు కనబడింది.

ఇన్‌ఛార్జి నా వైపు చూశాడు.

“ఆవిడకి వినబడలేదండీ,” అన్నాను.